చక్రం బిగించాక మళ్లీ ఒకసారి చూడండి: సర్వీసు కేంద్రాలకు, రవాణా శాఖలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని కార్ల సర్వీసు కేంద్రాల, టైర్ల దుకాణాల యాజమాన్యాలకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖల కమిషనర్లకు,

విషయం: చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ నట్ల బిగింపును కొలిచి చూడటం, కొంత దూరం నడిచాక మళ్లీ పరీక్షించడం తప్పనిసరి చేయవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఈ సంగతిని నేను మొదటే పదిమందిలో పెట్టలేదు. నా కారుకు పనిచేసిన సర్వీసు కేంద్రానికి రెండు ఉత్తరాలు, దాని యాజమాన్యానికి ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రవాణా కార్యాలయంలో అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకున్నాను. సర్వీసు కేంద్రం నుంచి వచ్చిన మొదటి జవాబు, తమ సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వమని కోరే సందేశం. రెండోది మేనేజరు గారి ఫోను: "గన్‌తో (గాలితో నట్లు బిగించే యంత్రంతో) బిగించాం సార్, దానంతటది ఊడే ప్రసక్తే లేదు. రాత్రి ఎవరో దొంగతనానికి విప్పబోయి వదిలేసి ఉంటారు." యాజమాన్యం నుంచి గానీ, అర్జీకి గానీ ఇప్పటివరకు ఏ సమాధానమూ లేదు. అందువల్ల ఇది రాస్తున్నాను. ఆ సర్వీసు కేంద్రం పేరు ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే నేను విన్నంతలో ఈ అలవాటు ఆ ఒక్క చోటికే పరిమితం కాదు.

జరిగింది ఇది. మొన్నటి సంక్రాంతికి ఊరు బయలుదేరే ముందురోజు సాయంత్రం హైదరాబాదులో కారుకు టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను. మర్నాడు తెల్లవారుజామున మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలతో విజయవాడ దారి పట్టాము. పంతంగి టోల్‌గేటు వరుసలో కారు నెమ్మదిగా కదులుతున్నంతసేపూ ఏ తేడా తెలియలేదు. టోల్ దాటి వేగం అందుకుని చిట్యాల సమీపించేసరికి, అంటే సర్వీసు కేంద్రం నుంచి ఇంచుమించు 70 కిలోమీటర్లు నడిచాక, ఎడమ వెనుక చక్రం దగ్గర గలగలమని శబ్దం మొదలైంది. రోడ్డు బాగాలేదేమో అనుకున్నాను. కాసేపటికి సీటు కింద అదురు కూడా తోడయ్యేసరికి పక్కకు తీసి ఆపాను. ప్లాస్టిక్ వీల్ క్యాప్ ఊడదీయగానే అందులోంచి ఒక నట్టు జారి నేల మీద పడింది. అంతసేపూ గలగలలాడింది అదే. మిగిలిన మూడింటిలో రెండు నట్లు ఉత్త వేళ్లతో తిప్పితేనే తిరిగాయి. మా ఐదుగురి ప్రాణాలు, ఆ వేకువలో మా పక్కనుంచి వెళ్తున్న వాళ్ల ప్రాణాలు ఒక్క నట్టు మీద నిలబడి ఉన్నాయి.

స్పానర్‌తో అందినంత బిగించి, నెమ్మదిగా దగ్గర్లోని పంక్చర్ షాపుకు చేరాము. అక్కడి మేస్త్రీ చక్రం చూడకుండానే అడిగాడు: "నిన్నగాక మొన్న టైర్లు పని చేయించారా సార్? పండగ ముందు ఇట్లాంటివి వస్తూనే ఉంటాయి." నాలుగు చక్రాలూ సరిచూసి యాభై రూపాయలు తీసుకున్నాడు. నాకు ఈ విషయంలో ఇప్పటిదాకా దొరికిన పూర్తి సమాధానం ఆయన చెప్పిన ఆ ఒక్క మాటే.

మేనేజరు గారు కావాలని అబద్ధమాడారని నేను అనుకోవడం లేదు. గన్‌తో బిగించిన నట్టు ఊడదని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది కాబట్టి, నట్టు ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా రాస్తున్నాను. తెలిసినవారు మన్నించాలి.

కారు బరువును చక్రం బోల్టులు మోస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నట్టు బిగిస్తున్నప్పుడు స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) అతి స్వల్పంగా సాగి, గట్టి స్ప్రింగులా వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్బుకు (చక్రం కూర్చునే ఇరుసు చివరి భాగానికి) అదిమి పడుతుంది. బరువునూ, బ్రేకు వేసినప్పటి ఈడ్పునూ తట్టుకునేది ఆ అదుములో పుట్టే రాపిడి. చిన్న కార్లలో సాధారణంగా వాడే 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 100 న్యూటన్ మీటర్ల టార్కుతో (తిప్పే బలంతో) బిగిస్తే సుమారు 4 టన్నుల అదుము వస్తుంది. నాలుగు నట్లకు కలిపి 16 టన్నులు. ఒక్కో చక్రం మీద పడే కారు బరువు పావు టన్నుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. ఇంత తేడా ఉండబట్టే బొటనవేలంత నట్లను నమ్ముకుని మనం ధైర్యంగా ప్రయాణం చేయగలుగుతున్నాము. అదుము పోయిన మరుక్షణం నుంచి మాత్రం చక్రం హబ్బు మీద జరగడం మొదలుపెడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్డు అటూ ఇటూ వంగుతుంది. ఇనుప తీగను చేత్తో పదేపదే వంచి తెంపినట్టు, చివరకు స్టడ్లు ఒకదాని తర్వాత ఒకటి తెగిపోతాయి.

అదుము ఎలా పోతుందన్నది అసలు ప్రశ్న. ఇంత బిగింపుకు స్టడ్డు సాగేది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. హబ్బుకూ చక్రానికీ మధ్య తుప్పు పొరో, ఎండిన బురదో, రిమ్ముకు కొత్తగా వేసిన రంగో ఉంటే, బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. కారు నడిచేకొద్దీ ఆ పొర నలిగి, అణిగిపోతుంది. రంగు పొర మందమంత అణిగినా చాలు, స్టడ్డు సాగినదంతా సడలిపోతుంది. అదుము తగ్గిన నట్టును పక్కవాటు అదుర్లు క్రమంగా వెనక్కి తిప్పుతాయని జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లోనే ప్రయోగాలతో చూపించాడు. అంటే దొంగలెవరూ రానక్కరలేదు. సరిగ్గా బిగించిన నట్టు కూడా మొదటి కొన్ని పదుల కిలోమీటర్లలో కొంత సడలవచ్చు. 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య మరోసారి బిగింపు చూడమని పనితెలిసినవాళ్లు చెప్పడానికి కారణం ఇదే. హైదరాబాదులో సాయంత్రం టైర్లు మార్పించి తెల్లవారుజామున బయలుదేరినవాడికి ఆ దూరం సరిగ్గా చౌటుప్పల్, నార్కెట్‌పల్లి మధ్య పూర్తవుతుంది. అప్పటికి వాళ్లు నాలుగు వరుసల రహదారి మీద, చట్టం అనుమతించిన 100 కిలోమీటర్ల వేగంతో, వెనుక సీట్లో నిద్రపోతున్న పిల్లలతో ఉంటారు.

ఇక గన్ను సంగతి. గాలితో నడిచే ఇంపాక్ట్ గన్ పని వేగంగా చేస్తుంది, కానీ ఎంత బిగించిందో చెప్పదు. కంప్రెసరులో గాలి తగ్గితే తక్కువ, నిండుగా ఉంటే ఎక్కువ. కుర్రవాడు మీట ఒక్క క్షణం ఎక్కువ నొక్కి ఉంచితే ఇంకా ఎక్కువ. ఎక్కువ బిగిస్తే మంచిదేగా అనుకుంటే పొరపాటు. పరిమితి దాటి సాగిన స్టడ్డు మళ్లీ స్ప్రింగులా పనిచేయదు, బ్రేకు డిస్కు వంకర తిరగవచ్చు, నట్టు మర పాడవవచ్చు. మామూలు కార్లలో చాలావాటికి కంపెనీ చెప్పిన బిగింపు 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల లోపే ఉంటుంది, ఖచ్చితమైన అంకె కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. దాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఒక మంచి టైరు ధరకే దొరుకుతుంది. నా కారుకు పనిచేసిన చోట ఒక రెంచ్ గోడకు వేలాడుతోంది. దాని మీద దుమ్ము ఉంది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ సాయంత్రం నేను వెయిటింగ్ హాలులో వాళ్లిచ్చిన టీ తాగుతూ ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. (టీ బాగానే ఉంది.) తాళాలు తీసుకుని బయటకు వచ్చేటప్పుడు ఒక్క క్యాపు ఊడదీసి చూసినా, పొద్దున బయలుదేరే ముందు స్పానర్ పెట్టి చూసినా ఇంతదాకా వచ్చేది కాదు. అయితే, అలా చూసుకోవాలని నాకు చెప్పినవారు లేరు. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్న నాకే తెలియకపోతే, కొత్తగా లైసెన్సు తీసుకున్న అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

ఈ చిన్న నిర్లక్ష్యం ఎవరి మీద ఎలా పడుతోందో ఇప్పుడు చెబుతాను.

1. ఊడిన చక్రం కారుతోపాటు ఆగదు. 80 కిలోమీటర్ల వేగంతో విడిపోయిన చక్రానికి, ఎనిమిదో అంతస్తు నుంచి కింద పడిన చక్రానికి ఉన్నంత వేగం ఉంటుంది. దాని బరువు 15 కిలోలకు పైమాటే. అది డివైడరును ఎగిరి దాటితే ఎదురుగా వచ్చేవాళ్ల అద్దం మీద పడుతుంది, ఎడమకు దొర్లితే రోడ్డు అంచున బైకు మీద వెళ్లేవాళ్లను, బస్సు కోసం నిలబడ్డవాళ్లను, పండగకు పూలు, చెరకు అమ్ముకునేవాళ్లను తాకుతుంది. ఆ కారుతోనూ ఆ సర్వీసుతోనూ వీళ్లకు ఏ సంబంధమూ లేదు.

2. అద్దె కార్లు నడుపుకునేవారికి చక్రం ఊడకపోయినా నష్టమే. స్టడ్లు అరిగి, రిమ్ము రంధ్రాలు సాగి, హబ్బు మార్చాల్సి వస్తే రెండు మూడు రోజులు బండి షెడ్డులో ఉంటుంది. ఆ రోజుల కిస్తీ మాత్రం ఆగదు.

3. అతిగా బిగించడం వల్ల కలిగే ఇబ్బంది మధ్యరాత్రి పంక్చర్ అయినప్పుడు బయటపడుతుంది. కారుతో ఇచ్చే స్పానర్ పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. గన్నుతో 400 న్యూటన్ మీటర్ల దాకా బిగిసిన నట్టును దానితో విప్పాలంటే చివరన 130 కిలోలకు పైగా బరువు మోపాలి. ఒంటరిగా ప్రయాణిస్తున్న స్త్రీకి, అరవై దాటిన మనిషికి అది సాధ్యం కాదు. డిక్కీలో స్టెప్నీ ఉన్నా లేనట్టే.

4. చట్టం బరువంతా బండి నడిపేవాడి మీదే ఉంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను, తెలిసిన లోపంతో గానీ, సాధారణ జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపంతో గానీ వాహనాన్ని నడిపినవారిని, నడపనిచ్చినవారిని శిక్షిస్తుంది. 2019 సవరణ తర్వాత జరిమానా 1,500 రూపాయలు. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే, ఆస్తి నష్టమైతే మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. ప్లాస్టిక్ క్యాపు వెనక సడలిన నట్టును కనిపెట్టడం సాధారణ జాగ్రత్త కిందకు వస్తుందా రాదా అని కోర్టులో వాదించుకోవలసింది డ్రైవరే. నట్టు బిగించిన దుకాణం పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

5. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం మీద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు, నిజమే. దానికి ఆధారం కావాలి. "వీల్ రొటేషన్" అని ఒక్క ముక్క రాసి ఇచ్చే బిల్లు, ఎంత బిగించారో, ఎవరు బిగించారో చెప్పదు. రోడ్డు పక్క షాపుల్లో ఆ బిల్లు కూడా ఉండదు.

6. జరిగిన ప్రమాదాల లెక్క కూడా సరిగా తేలదు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. కారణాల పట్టికలో అతివేగం, మద్యం, ఎదురుదారి, ఫోను వంటివి విడివిడిగా కనిపిస్తాయి, చక్రం ఊడటం మాత్రం ఎక్కడో "ఇతరములు"లో కలిసిపోతుంది. లెక్కలో కనిపించని దాని గురించి ఏ అధికారీ సమీక్ష జరపడు.

కిరాణా కొట్టు తక్కెడకు, పెట్రోలు బంకు పంపుకు తూనికలు కొలతల శాఖ నియమిత కాలానికి పరీక్షించి ముద్ర వేస్తుంది. వంద గ్రాముల పప్పు తగ్గకుండా చూసే యంత్రాంగం మనకుంది. ప్రాణాలను పట్టి ఉంచే నట్టును ఎంత బిగించారో అడిగే కార్యాలయం మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు. సొంత కార్లకు పదిహేనేళ్ల వరకు ఫిట్‌నెస్ పరీక్ష కూడా ఉండదు కనుక, చక్రం విప్పి బిగించిన మనిషే ఈ విషయంలో తొలి తనిఖీదారు, చివరి తనిఖీదారు కూడా.

ఇది పరిష్కారం లేని సమస్య కాదు. కెనడాలోని ఒంటారియోలో 1990ల మధ్యలో లారీల చక్రాలు ఊడి కార్ల మీద పడి మనుషులు చనిపోయారు. ప్రజలు గట్టిగా అడిగాక, 1997లో అక్కడి చట్టంలో కొత్త నేరం చేర్చారు. వాణిజ్య వాహనం చక్రం రోడ్డు మీద ఊడితే 50,000 డాలర్ల వరకు జరిమానా, "మేము అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాము" అన్న వాదన చెల్లదు. ఆ చట్టం కార్లకు వర్తించదు గానీ, నట్లు మళ్లీ చూసే అలవాటు కార్ల దుకాణాల్లోనూ ఉంది. అక్కడ ఉంటున్న మా బంధువులు ఏటా చలికాలపు టైర్లు వేయించుకుంటే, 100 కిలోమీటర్లు నడిచాక వచ్చి నట్లు మళ్లీ బిగింపించుకోమని బిల్లు మీదే అచ్చయి ఉంటుంది. డబ్బు తీసుకోరు.

పని చేసే కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదని కూడా ఇక్కడే చెప్పాలి. పండగ ముందు రోజుకు ఇన్ని కార్లని లక్ష్యం పెట్టి, "సార్ బయట వెయిట్ చేస్తున్నారు, తొందరగా" అని పైనుంచి అరుస్తుంటే, మూడో నట్టు బిగిస్తుండగా ఎవరో పిలిచినందుకు నాలుగోది వదిలేసి వెళ్లడం మానవ సహజం. ఆ మరుపును పట్టుకునే రెండో మనిషిని, రెండో చూపును ఏర్పాటు చేయవలసింది యాజమాన్యం. నా కారు జాబ్ కార్డు మీద "తుది తనిఖీ" అన్న గడి ఉంది, అందులో సంతకమూ ఉంది. హాలు అద్దంలోంచి అప్పుడప్పుడూ చూస్తూనే ఉన్నాను, ఆ సంతకం పెట్టినవారు కారు దగ్గరకు రావడం మాత్రం నాకు కనిపించలేదు.

కనుక నా కోరికలు ఇవి. మొదటి నాలుగు యాజమాన్యాలకు, మిగిలినవి ప్రభుత్వాలకు.

1. గన్నును నట్టు దగ్గరకు చేర్చడానికి మాత్రమే వాడాలి. చక్రం పెట్టే ముందు హబ్బు ముఖాన్ని తీగ బ్రష్‌తో శుభ్రం చేయాలి, నట్టు మొదటి మరలు చేత్తోనే పట్టించాలి, జాకీ దించి టైరు నేలకు ఆనాక, ఎదురెదురు వరుసలో టార్క్ రెంచ్‌తో ఆఖరి బిగింపు చేయాలి. కంపెనీ చెప్పిన అంకె, బిగించిన అంకె, బిగించినవారి సంతకం, సరిచూసిన వేరొకరి సంతకం జాబ్ కార్డు మీద ఉండాలి. రెంచ్‌ను ఏడాదికి ఒకసారి, లేదా 5,000 బిగింపులకు ఒకసారి, ఏది ముందైతే అది, పరీక్షకు పంపాలి.

2. తాళాలు ఇచ్చేటప్పుడు "50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ చూపించుకోండి" అని నోటితో చెప్పాలి, బిల్లు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చు వేయాలి. ఆ పరీక్ష మీ ఏ శాఖలోనైనా ఉచితంగా, టోకెన్లూ అపాయింట్‌మెంట్లూ లేకుండా జరగాలి. నాలుగు చక్రాలకు ఐదు నిమిషాలు కూడా పట్టదు.

3. బిగించిన నట్టు నుంచి రిమ్ము మీదకు ఒక రంగు గీత గీయండి. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. చిన్న రంగు డబ్బా, ఒక కుంచె చాలు. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

4. అల్లాయ్ చక్రాలు అమ్మేవారు, వాటిలో నట్టు కూర్చునే గాడికి సరిపడే నట్లు లేకుండా బిగించకూడదు. శంఖువు ఆకారపు గాడిలో గుండ్రటి నట్టు, గుండ్రటి గాడిలో శంఖువు నట్టు ఎంత బిగించినా సన్నని అంచు మీదే ఆనుతాయి. "ఉన్నవాటితో సర్దుదాం సార్" అన్న మాట ఈ ఒక్క చోట పనికిరాదు.

5. రవాణా శాఖలు పై పద్ధతిని మార్గదర్శకంగా జారీ చేయాలి. ఏటా బడులు తెరిచే ముందు స్కూలు బస్సులకు చేసే ఫిట్‌నెస్ పరీక్షల్లోనూ, మిగిలిన రవాణా వాహనాల పరీక్షల్లోనూ నట్ల బిగింపును కంటితో చూడటం కాక, రెంచ్‌తో కొలవాలి. రోడ్డు పక్క పంక్చర్ షాపుల మేస్త్రీలకు జరిమానాల భయం పెట్టవద్దు. వారికి తక్కువ ధరలో రెంచ్‌లు అందేలా చూసి, ఐటీఐల్లో ఒక పూట శిక్షణ ఇప్పించండి. ఆ రోజు మమ్మల్ని కాపాడింది అలాంటి మేస్త్రీయే.

6. చక్రం ఊడిన ప్రతి ప్రమాదంలోనూ, అంతకుముందు నెలలో ఆ వాహనం చక్రాలు ఎక్కడ విప్పి బిగించారన్నది దర్యాప్తులో నమోదు కావాలని పోలీసు శాఖను కోరండి. అలాంటి ప్రమాదాలను "ఇతరములు"లో కలపకుండా విడిగా లెక్కించండి.

7. వచ్చే సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర, వాహనాలు పక్కకు తీసుకునే చోట, రెండు రెంచ్‌లతో ఇద్దరు మనుషులను కూర్చోబెట్టండి. హైదరాబాదులో టైర్లు మార్పించుకుని బయలుదేరినవారికి మళ్లీ చూడవలసిన దూరం అక్కడికే మొదలవుతుంది. ఖర్చు కార్ల కంపెనీలు పంచుకోవచ్చు. బ్యానరు మీద తమ పేర్లు వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నా కారు బిల్లు, తుది తనిఖీ సంతకం ఉన్న జాబ్ కార్డు, క్యాపులోంచి పడిన నట్టు ఫోటో, ముద్ర వేసిన అర్జీ నకలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పిలిస్తే తెచ్చి చూపిస్తాను. నష్టపరిహారం అడగడం లేదు. పై ఏడింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, చేయలేకపోతే ఎందుకో, దసరా ప్రయాణాలు మొదలయ్యేలోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక కారు యజమాని